నడుం లోతు నీళ్లు

నెలకో ఆదివారం జయరాజు గారింటి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులందర్నీ పోగేసినా ఆ రోజుల్లో పాతికమందికి మించేవారు కాదు. పాటలయ్యాక, తను వాక్యం ప్రసంగించే ముందు, జయరాజు గారు కళ్లజోడు సర్దుకుని "ప్రార్థన విన్నపాలు" అనేవారు. ఒక్కొక్కరే లేచి తమ అక్కర చెప్పుకునేవారు. ఒకరికి గ్రీన్‌కార్డు, ఒకరికి లేఆఫ్ భయం, ఒకరి చెల్లెలికి ఏడో నెల, ఒకరి మేనత్తకి గుంటూరులో కంటి ఆపరేషన్. ఆ పావుగంట అక్కడ కూర్చుంటే చాలు, అమెరికాలో తెలుగువాడి గుండెల్లో ఏముందో మొత్తం తెలిసిపోయేది.

దైవాశీర్వాదం అని ఒకతను, అందరికీ ఆశీర్వాదం. అతని వంతు వచ్చేసరికి మాత్రం ఏళ్ల తరబడి ఒకటే మాట. "నాకేం లేదండి. అందరి కోసం చేద్దాం."

అది వినయమనుకుని అందరూ మెచ్చుకునేవారు. వినయమూ కాదు, పాడూ కాదు. నిజంగానే అడగడానికి ఏమీ ఉండేది కాదు. నలభై దాటినా పెళ్లి కాలేదు, వెనకాముందూ ఎవరూ లేరు, గ్రీన్‌కార్డు ఎప్పుడో వచ్చేసింది. జబ్బు పడే తీరిక కూడా లేనట్టు రాయిలా ఉండేవాడు. "అడగందే అమ్మయినా పెట్టదు తమ్ముడూ," అని జయరాజు గారు మందలించేవారు. ఆశీర్వాదం నవ్వి కూర్చునేవాడు.

అట్లాంటివాడు 1986 ఆగస్టులో ఒక ఆదివారం లేచి, గొంతు సవరించుకుని, నాకొక విన్నపం ఉందండి అన్నాడు. బేస్‌మెంట్ అంతా అతని వైపు తిరిగింది. పెళ్లి సంగతే అయ్యుంటుందని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అతను లేచింది ఒక మడుగు కోసం.

అతని ఉద్యోగం అలాంటిది. ఒంగోలు దగ్గర పుట్టి, చేపల చదువు కోసం జార్జియా వచ్చి, చివరికి నదుల్లో బతికేవాటిని లెక్కపెట్టే సర్కారు ఆఫీసులో స్థిరపడ్డాడు. ఉండేది అట్లాంటాకి దక్షిణాన గంటన్నర డ్రైవ్‌లో ఒక చిన్న ఊళ్లో. అక్కడ అందరూ అతన్ని డేవ్ అంటారు. ఆ ఊళ్లో తెలుగు మాట వినపడాలంటే తనతో తాను మాట్లాడుకోవాల్సిందే, ఆ అలవాటు ఇంకా పట్టలేదు. కనక నెలకో ఆదివారం ఆ బేస్‌మెంటే అతనికి గుడీ, ఊరూ, ఇల్లూ.

అతను చూసుకునే క్రీకుల్లో, అంటే వాగుల్లో, ఒకటి పోయి ఫ్లింట్ నదిలో కలుస్తుంది. మామూలు ఏడాదుల్లో రాళ్ల మీద గలగలా పారేది. వానలు మొహం చాటేసి అది రెండో ఏడు. వాగు ఎండిందంటే నీళ్లు అయిపోయాయని అనుకుని ఊరుకుంటాం గానీ, అది ఒక్కసారిగా వచ్చే చావు కాదు. ముందు చప్పుడు పోతుంది. రాళ్ల మీద పారుదల ఆగిపోగానే ఆ సందుల్లో పెరిగే పురుగులు పోతాయి. సాయంత్రాలు నీళ్ల మీద ముసిరే రెక్కల పురుగులు కనపడవు. వాటిని తినే చిన్న చేపలు బక్కచిక్కుతాయి. ఆ తర్వాత వాగు తెగిపోతుంది. ఇక్కడో మడుగు, అక్కడో మడుగు, మధ్యలో ఎండిన రాళ్లు. ఏ మడుగులో చిక్కిన చేప ఆ మడుగులోనే. నీళ్లు వేడెక్కి, నాచు పట్టి, తెల్లవారే వేళకి గాలి చాలక చేపలు మూతులు పైకెత్తి నోళ్లు తెరుస్తుంటాయి. నారాయణ పక్షులకీ రకూన్‌లకీ అప్పుడే పండగ.

ఆశీర్వాదానికి అన్నిటికంటే ఆల్చిప్పల మీద జాలి. చేప ఈదగలదు, ఎండ్రకాయ బొరియలో దూరగలదు. ఆల్చిప్పకి ఉన్నది ఒక్క కాలు, అదీ నాలికంత. నీళ్లు వెనక్కి తగ్గుతుంటే ఆ కాలితోనే ఇసకలో గీత గీసుకుంటూ వాటి వెంట పోతుంది. ఆ ఎండాకాలం అతను అలాంటి గీతలు ఎన్నో చూశాడు. జానెడు పోయి ఆగినవి, బారెడు పోయి ఆగినవి, వంకర తిరిగి బయల్దేరిన చోటికే వచ్చినవి. ప్రతి గీత చివరా నోరు తెరుచుకున్న ఉత్త చిప్ప. కొన్నిటిని వంగి చేతిలోకి తీసుకుని, ఏం చేయాలో తోచక మళ్లీ అక్కడే పెట్టేసేవాడు.

మొత్తం క్రీక్‌లో ఒక్క మడుగు మిగిలింది. ఒడ్డున పెద్ద సికమోర్ చెట్టు వేళ్ల కింద సన్నటి ఊట ఉండబట్టి అక్కడ నడుం లోతు నీళ్లు నిలిచాయి. జయరాజు గారి బేస్‌మెంట్ అంత మడుగు. అడుగున బురదలో ఆల్చిప్పలు, కొన్నిటి వయసు ఆశీర్వాదం వయసంత. వాటి పిల్లలు పుట్టగానే చేప మొప్పలు పట్టుకుని కొన్నాళ్లు బతకాలి. చేప తోడు దొరక్కపోతే ఎన్నేళ్లు బతికినా వంశం లేదు. ఆ చేపలు కూడా ఆ మడుగులోనే తలదాచుకున్నాయి. ఇవి పోతే, రేపు వానలు పడి క్రీక్ నిండినా, ఉత్త నీళ్లే ఉంటాయి. వేరేచోటికి తరలిద్దామంటే చుట్టుపక్కల వాగులన్నిటిదీ అదే గతి.

ఇదంతా అతను బేస్‌మెంట్‌లో చెప్పలేదు. నడుం లోతు నీళ్లున్న మడుగు ఒకటి మిగిలిందనీ, అందులో ఇంకా ప్రాణాలున్నాయనీ, వాన పడేదాకా అది నిలవాలని ప్రార్థన చేయమనీ చెప్పి కూర్చున్నాడు. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎందుకంటే వాళ్లంతా ఆ యేడు నడుం లోతు నీళ్ల కోసమే వెతుకుతున్నారు.

నవోమి అని, అట్లాంటాలో ఒక ఆస్పత్రిలో నర్సు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఆమెదీ ఒంటరి కాపురమే. తెనాలి లూథరన్ కుటుంబం కావడంతో పసిగుడ్డుగా ఉన్నప్పుడు నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మం అనిపించారు. ఇన్నేళ్లకి నిండా మునిగి బాప్తిస్మం తీసుకోవాలనిపించి జయరాజు గారిని అడిగింది. ఆయన ముత్తాత, వందేళ్ల కిందటి ధాత కరువు తీరీతీరని రోజుల్లో, వేలమందితో కలిసి గుండ్లకమ్మలో మునిగినవాడు. ఆ సంగతి ఆయన వాక్యంలోకి ఏదో దారిన రాని ఆదివారం లేదు. కనక బాప్తిస్మమంటే నదిలోనే. దగ్గర్లో ఉన్న తెల్లవాళ్ల చర్చి మా తొట్టి వాడుకోండి అంది. తొట్టికి హీటర్ ఉందని తెలిసి ఆయన మొహం చిట్లించారు. చాటహూచీ నదికి పోతే అక్కడ రబ్బరు పడవల మీద బీరు డబ్బాలతో కుర్రకారు. ఇంకా ఎగువకి పోతే డ్యాము అడుగునుంచి వచ్చే నీళ్లు మంచుగడ్డ. మిగతా వాగులన్నీ ఎండిపోయాయి. అలా నవోమి బాప్తిస్మం వాయిదా మీద వాయిదా పడుతోంది.

ఆశీర్వాదం కూర్చోగానే జయరాజు గారు చేతులెత్తి స్తోత్రం అన్నారు. దేవుడు మనకి నీళ్లు చూపించాడన్నారు. ఊటనీళ్లని తెలుసుకుని ఇంకా పొంగిపోయారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆశీర్వాదం జన్మానికో విన్నపం చేసుకుంటే, అది అతని కళ్లముందే వాళ్ల విన్నపానికి జవాబైపోయింది.

భోజనాల దగ్గర జయరాజు గారి భార్య దెబోరా గారు ఎప్పట్లాగే నవోమిని తెచ్చి ఆశీర్వాదం పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ ఈ పని కొన్ని నెలలుగా పట్టు వదలకుండా చేస్తోంది. ఫలితం బొత్తిగా లేదని కూడా అనలేం. అంతకుముందొకసారి నవోమి, ఆల్చిప్పలు ఎలా నడుస్తాయండీ అని అడిగింది. అతని పని గురించి తెలుగులో అడిగిన మొదటి మనిషి ఆమె. చాలాసేపు చెప్పాడు, ప్లేట్లో బిరియానీ చల్లారిపోయింది, ఆమె మధ్యలో లేవలేదు. ఆ పూటని అతను ఊరికి తీసుకుపోయి ఎన్ని సాయంత్రాలు తలుచుకున్నాడో అతనికే తెలియాలి. ఇప్పుడు ఆమె మొహంలో సంతోషం కనపడినట్టనిపించి, ఆ మడుగులోకి దిగకండి అని చెప్పలేకపోయాడు. ఆమె కూడా ఏదో చెప్పబోయింది. ఈలోగా పెరుగన్నం గిన్నె పట్టుకుని ఎవరో మధ్యలోకొచ్చారు.

వారం మధ్యలో జయరాజు గారు ఫోన్ చేశారు. ఈ ఆదివారమే అందరం వస్తున్నాం, దెబోరా భోజనాలు ప్యాక్ చేస్తోందన్నారు. ఆశీర్వాదం ధైర్యం కూడగట్టుకుని చెప్పాడు. అడుగున రెండేళ్ల ఆకు కుళ్లి బురదై పేరుకుంది, మనుషులు దిగి దాన్ని కలిపితే నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది, ఆ పూటే అన్నీ చస్తాయి అన్నాడు. జయరాజు గారు చెడ్డవారు కారు. ఓపిగ్గా విన్నారు. నేనూ నవోమీ మాత్రమే దిగుతాం, పిల్లల్ని ఒడ్డునే ఉంచుతాం అన్నారు. వాటిని చంపడానికి ఇద్దరు చాలండీ అన్నాడు ఆశీర్వాదం.

"తమ్ముడూ, ఒక్కమాట అడుగుతాను, ఫ్రాంక్‌గా చెప్పు," అన్నారు జయరాజు గారు. "ఒక ఆత్మ ఎక్కువా, ఆల్చిప్పలు ఎక్కువా?"

ఇలా అడిగితే జవాబు చెప్పే మొనగాడెవడు? ఆశీర్వాదం సరేనండి అన్నాడు. మొహమాటం అతని జబ్బు. విన్నపాల్లో చెప్పుకోదగ్గ జబ్బు అతనికి అదొక్కటే ఉంది, దాన్ని ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు నిలబడ్డాడు. కాదంటే ఆ బేస్‌మెంట్ పోతుంది. ఎవరూ వెళ్లగొట్టరు. కానీ ఆల్చిప్పల కోసం బాప్తిస్మం ఆపినవాడు అని చూస్తారు, ఆ చూపుల మధ్య కూర్చుని పాట పాడలేడు. నవోమి ముఖం ఇక చూడనే లేడు. అవునంటే మడుగు పోతుంది. రెండూ దక్కాలంటే ఉన్న దారి అబద్ధం ఒక్కటే. బాప్తిస్మం దగ్గర ఆడే అబద్ధం చిన్న పాపం కాదని అతనికి తెలుసు. అయినా శనివారానికల్లా ఆ దారే ఖాయం చేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే మడుగు దగ్గరికి పోయాడు. ఒడ్డు బురదలో నిలబడి ఆక్సిజన్ మీటర్ తీగ జాగ్రత్తగా నీళ్లలోకి వదిలాడు. ముల్లు బాగా కిందనే ఉంది, కానీ సున్నాకి పడలేదు. చేపలు ఇంకా మూతులెత్తుతున్నాయి. అడుగున ఆల్చిప్పలు సగం తెరుచుకుని ఓపిగ్గా ఉన్నాయి. తర్వాత రోడ్డు మీదికొచ్చి, తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

కార్లన్నీ వరసగా వచ్చాయి. అతను వాళ్లని మడుగు వైపు కాకుండా, ఎగువ వంపు దగ్గరికి నడిపించాడు. అక్కడ నీళ్లు పోయి చాలా రోజులైంది. పిల్లలు ముందు పరిగెత్తారు, వాసన తగలగానే ముక్కులు పట్టుకుని ఆగిపోయారు. సున్నం కొట్టినట్టు తెల్లబడిన రాళ్లు, పగిలిన నేల, ఎక్కడ చూసినా నోళ్లు తెరుచుకున్న చిప్పలు. తెల్ల చీరలో వచ్చిన నవోమి చెంగు ఎత్తి పట్టుకుని రాళ్ల మధ్య నిలబడిపోయింది.

"ఎండిపోయిందండి," అన్నాడు ఆశీర్వాదం. "ఈ వారంలోనే."

ఒక్కరూ అనుమానించలేదు. అలా అనుమానించి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. జయరాజు గారు చాలాసేపు ఆ చిప్పల వైపు చూశారు. అట్లాంటా అపార్ట్‌మెంట్ల మధ్య తిరిగే మనిషి, వాగు చచ్చిపోవడం ఎప్పుడూ దగ్గర్నుంచి చూసినవారు కారు. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో ఆ రాళ్ల మీదే మోకరించారు. వెనకే అందరూ మోకరించారు.

"ప్రభువా, ఈ తమ్ముడు వీటి కోసం ప్రార్థన చేయమని అడిగాడు," అన్నారాయన. "మేం చేయలేదు. మా పనే చూసుకున్నాం. మమ్మల్ని క్షమించు."

ఆశీర్వాదం కూడా మోకరించాడు. అతను కోరుకున్న ప్రార్థన అదే, అక్షరాలా అదే. దాన్ని అబద్ధం మీద నిలబడి విన్నాడు. లేచి నిజం చెప్పేయాలని ఉంది. చెప్తే ఈ మంచి మనిషి కళ్లు తుడుచుకుని, దేవుడు మళ్లీ నీళ్లిచ్చాడని సంబరపడి, నేరుగా మడుగు దగ్గరికి నడుస్తాడేమో. అందుకని నోరు మూసుకున్నాడు.

ప్రార్థనయ్యాక అందరూ చెట్ల కిందికి పోయి కూలర్లు తెరిచారు. నవోమి మాత్రం వచ్చి అతని పక్కన నిలబడింది. చేతిలో ఒక చిప్ప ఉంది. ఆమె చూపు అతని కాళ్ల మీద ఉంది.

"మీ బూట్లకి బురద పచ్చిగా ఉందండీ," అంది మెల్లగా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇతను తొక్కడమైతే తొక్కాడు, కడుక్కోవడం మర్చిపోయాడు. చుట్టూ దుమ్ము, అతని బూట్ల మీద నల్లటి తడి. రోజంతా రోగుల్ని చూసే మనిషి కళ్లకి ఆ మాత్రం దొరక్కుండా ఎలా ఉంటుంది?

"బతికే ఉన్నాయా?"

తలూపాడు.

ఆమె చిప్పని వేళ్ల మధ్య తిప్పింది. కోపం లేదు. కోపమైనా బాగుండేది.

"నేనెవరికీ చెప్పన్లెండి," అంది. "కానీ నన్నొక్క మాట అడగాల్సింది. బాప్తిస్మం నాది కదా. నేనే వద్దనేదాన్ని. ఆ రోజు భోజనాల దగ్గర అదే చెప్పబోయాను."

ఒక ప్రాణం తీసి మునిగితే అది ఏం బాప్తిస్మమండీ అని కూడా అంది. ఆ మడుగు ఇక్కడికి నడిచేంత దూరమే. చూస్తారా అని అడగాలనిపించింది అతనికి. ఆ మాటకి ధైర్యం కూడగట్టుకునేసరికి దెబోరా గారు కేకేసి అన్నానికి పిలిచింది. ఆమె చిప్పని అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సెప్టెంబర్‌లో నవోమి బాప్తిస్మం తెల్లవాళ్ల చర్చి తొట్టిలోనే అయింది. హీటర్ సంగతి జయరాజు గారు ఇక ఎత్తలేదట. ఆశీర్వాదాన్ని రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు. పని ఉందన్నాడు. అక్టోబర్ ఆరాధనకి కూడా పోలేదు. పని నిజంగానే ఉంది. కానీ పోకపోవడానికి కారణం సిగ్గు. ఏ బేస్‌మెంట్ పోతుందనే భయంతో అబద్ధమాడాడో, ఆ బేస్‌మెంట్‌కి తనంతట తానే దూరమయ్యాడు. సాయంత్రాలు మడుగు ఒడ్డున కూర్చునేవాడు. నీళ్లు నడుం నుంచి తొడకి, తొడ నుంచి మోకాటికి దిగాయి. పెద్ద చేపలు కొన్ని పోయాయి. మిగతావి ఊట పక్కన ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

అక్టోబర్ చివర్లో వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. మూడోనాటికి క్రీక్‌లో ఎర్రటి నీళ్లు ఆకుల్ని తోసుకుంటూ వచ్చి మడుగులో దూకి, అవతలి వైపు దారి చేసుకుని పోయాయి. తెగిన వాగు అతుక్కుంది. నీళ్లు తేరుకున్నాక అతను దిగి, బురదలో వేళ్లు పెట్టి తడిమాడు. ఒక ఆల్చిప్ప దొరికింది. ముట్టుకోగానే టప్పున నోరు మూసుకుంది. పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. చిన్న చేపలు అప్పుడే కొత్త నీళ్లకి ఎదురెక్కుతున్నాయి.

"బతికాయండీ," అన్నాడు ఆశీర్వాదం పైకే, తెలుగులో. అక్కడ వినడానికి ఎవరూ లేరు.

ఆ మాట చెప్పాల్సిన మనిషి ఒక్కరే. ఆమె ఫోన్ నంబర్ అతని దగ్గర లేదు. ఏనాడూ అడగలేదు. దెబోరా గారిని అడిగితే ఆవిడ ఆ సాయంత్రానికే పెళ్లి బాజాలు మోగించేస్తుంది. సరే, నవంబర్ ఆదివారం ఎంతో దూరం లేదు కదా అనుకున్నాడు. ఆ రోజు పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా కార్లో ఒకటే వాక్యం వల్లె వేసుకున్నాడు. నవోమి గారూ, బతికాయి, ఒకసారి చూడ్డానికి వస్తారా? కొంచెం గట్టిగా ఒకసారి, కొంచెం మెల్లగా ఒకసారి. తనతో తాను మాట్లాడుకునే అలవాటు మొత్తానికి పట్టింది.

బేస్‌మెంట్‌లో అందరూ ఆప్యాయంగా పలకరించారు. నల్లబడ్డావన్నారు, చిక్కిపోయావన్నారు. నవోమి కనపడలేదు. నైట్ డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తుందేమోనని పక్క కుర్చీ మీద బైబిలు పెట్టి ఉంచాడు. పాట సగంలో దెబోరా గారు అది చూసి, దగ్గరికి వంగింది.

"నవోమి కోసమా తమ్ముడూ? డాలస్‌లో జాబ్ వచ్చింది కదా, పోయిన వారమే మూవ్ అయిపోయింది. అక్టోబర్‌లో విన్నపం చెప్పింది, నువ్వు రాలేదు." ఆవిడ ఆగి, జ్ఞాపకం తెచ్చుకుంది. "వెళ్లేముందు నీ మడుగు ఎలా ఉందని అడిగింది. ఎండిపోయింది కదమ్మా అన్నాను."

అతను బైబిలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పాటలయ్యాయి. జయరాజు గారు కళ్లజోడు సర్దుకుని విన్నపాలు మొదలుపెట్టారు. ఒకరికి గ్రీన్‌కార్డు వచ్చింది, స్తోత్రం. ఒకరి చెల్లెలికి ఆడపిల్ల, స్తోత్రం. ఆయన వరసగా వచ్చి ఆశీర్వాదం దగ్గర ఆగారు, ఆ పెద్ద మొహం నిండా ప్రేమతో.

"వానలు పడ్డాయి తమ్ముడూ. నీ ఆల్చిప్పలే పాపం, అందుకోలేకపోయాయి. ఏమైనా చెప్పుకుంటావా?"

ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. పాతికమంది అతని వైపు చూస్తున్నారు. అతని ప్రార్థన నెరవేరింది, ఆ గదిలో ఎవరి ప్రార్థనా నెరవేరనంత నిండుగా నెరవేరింది. గొంతు సవరించుకున్నాడు.

"నాకేం లేదండి," అన్నాడు. "అందరి కోసం చేద్దాం."